క్యాసెట్‌లో అమ్మ గొంతు

2023 ఆగస్టులో నాకు నిద్ర పూర్తిగా దూరమైంది. రాత్రి ఒంటిగంటకు గుండె దడతో లేచి కూర్చోవడం, ఒళ్లంతా చెమట పట్టడం, ఇంట్లో అందరూ ఉన్నారో లేదోనని గది గదికీ వెళ్లి చూసి రావడం నిత్యకృత్యమైపోయింది. ఈసీజీ, థైరాయిడ్ పరీక్ష, రక్తపరీక్షలు అన్నీ సక్రమంగానే వచ్చాయి. అయితే నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది మరొకటి. అయిదేళ్ల మా పాప బడి నుంచి వచ్చి ఒళ్లో కూర్చోబోతే నా ఒళ్లు కట్టెలా బిగుసుకుపోయేది. బిడ్డ మీద ప్రేమ లేక కాదు. ఉన్న ప్రేమ చేతుల్లోకి రాకుండా ఎక్కడో ఆగిపోయేది.

ఒక రాత్రి భరించలేక, 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు, ఓపికగా విన్నారు, మానసిక వైద్యుణ్ణి కలవమన్నారు. తిరుపతిలోనే ఒక వైద్యుడు చూసి, ఇది డిప్రెషన్ అనీ దానికి తీవ్రమైన ఆందోళన తోడైందనీ చెప్పి ఎస్సిటాలోప్రామ్ అనే మందు రాశారు. ఆరు వారాలకు దడ తగ్గింది, నిద్ర కొంత కుదుటపడింది. పాప దగ్గరకు వచ్చినప్పుడు కలిగే బిగుతు మాత్రం తగ్గలేదు. ఆ సంగతి చెప్పినప్పుడు ఆయన నన్ను మాటలతో చికిత్స చేసే ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గరకు పంపారు. చిన్నప్పుడు పెంచినవాళ్లతో ఏర్పడిన అనుబంధం ఆధారంగా చేసే చికిత్స గురించి నేను మొదటిసారి విన్నది ఆమె నోటనే.

రెండో వారం ఆమె ఒక ప్రశ్న వేశారు: చిన్నతనంలో మీ అమ్మతో మీ బంధాన్ని అయిదు మాటల్లో చెప్పండి, ఒక్కో మాటకు ఒక్కో జ్ఞాపకం చెప్పండి. (పెద్దవాళ్ల అనుబంధ తీరును అంచనా వేయడానికి 1980లలో అమెరికాలో పరిశోధకులు రూపొందించిన ఇంటర్వ్యూలో ఉండే ప్రశ్న ఇదని తరువాత తెలిసింది.) నేను తడుముకోకుండా "ప్రేమ" అన్నాను. జ్ఞాపకం కోసం వెతికితే దొరికింది ఒక్క టేప్‌రికార్డరే. మా ఊరు పాకాల దగ్గర. వేరుశనగ పంట వరుసగా పోయి, బోరు ఎండి, అప్పు పెరిగినప్పుడు అమ్మ ఇంటిపని కోసం కువైట్ వెళ్లింది. అప్పుడు నాకు నాలుగేళ్లు. ఊరికి తిరిగివచ్చే వాళ్ల చేత తన మాటలు రికార్డు చేసిన క్యాసెట్లు పంపేది. అవ్వ వాటిని పెట్టి వినిపిస్తుంటే నేను మొదట టేప్‌రికార్డరు వెనకకు వెళ్లి చూసేదాన్నట; కొన్నాళ్లకు ఏడ్చేదాన్నట; ఆ తరువాత క్యాసెట్ పెట్టగానే లేచి బయటికి ఆడుకోవడానికి పోయేదాన్నట. ఏడేళ్ల తరువాత అమ్మ తిరిగి వచ్చినప్పుడు నేను అవ్వ కొంగు వదలలేదు.

ఈ వరుస విన్న సైకాలజిస్టు, ఇంగ్లండులో మనోవైద్యుడు జాన్ బౌల్బీ, ఆయనతో కలిసి పనిచేసిన జేమ్స్ రాబర్ట్‌సన్ ఆసుపత్రుల్లో తల్లిదండ్రులకు దూరంగా ఉన్న చిన్నపిల్లల్లో గమనించినది చెప్పారు. మొదట నిరసన, తరువాత నిరాశ, చివరికి అంటీముట్టనితనం. ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్న రెండేళ్ల పాపను రాబర్ట్‌సన్ 1952లో సినిమా తీసి చూపించారు. మూడో దశలో బిడ్డ బుద్ధిగా ఉంటుంది కాబట్టి అలవాటు పడిపోయిందని పెద్దవాళ్లు సంతోషిస్తారు. మా ఇంట్లోనూ అందరూ నన్ను "ఎంత బుద్ధిమంతురాలో" అని మెచ్చుకునేవారు.

అయితే సైకాలజిస్టు మా అమ్మ మీద తప్పు మోపనివ్వలేదు. ఈ చికిత్సలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచినది అదే. ఉగాండాలో 1950లలో తల్లీబిడ్డలను గమనించిన మనస్తత్వ శాస్త్రవేత్త మేరీ ఐన్స్‌వర్త్ చెప్పిన భద్రమైన ఆధారం, అంటే భయమేసినప్పుడు బిడ్డ తిరిగి చేరుకునే మనిషి, తల్లి ఒక్కతే కానక్కరలేదనీ, రాగిసంగటి ముద్దలు చేసి తినిపించిన మా అవ్వ నాకు అలాంటి ఆధారమేననీ, ఈరోజు నేను సాయం అడగగలుగుతున్నానంటే అది అవ్వ పెట్టిన భిక్షేననీ ఆమె చెప్పినప్పుడు, అవ్వ పోయిన తొమ్మిదేళ్లకు నేను మొదటిసారి మనసారా ఏడ్చాను.

పాపతో చేసిన పని వేరు. మేమిద్దరం ఆడుకుంటుండగా పది నిమిషాలు ఫోన్‌లో వీడియో తీసి, మరుసటి వారం నా పక్కన కూర్చుని ఆపి ఆపి చూపించారు. పాప బొమ్మను నా వైపు చాచినప్పుడు నా చూపు కిటికీ వైపు తిరిగింది. నేను సిగ్గుతో తల దించుకున్నాను. ఆమె వీడియోను ఇంకాస్త ముందుకు జరిపి, నాలుగు సెకన్ల తరువాత నేనే మళ్లీ పాప వైపు తిరిగి నవ్విన చోట ఆపారు. ఏ తల్లీ ఎల్లవేళలా బిడ్డతో తాళం తప్పకుండా ఉండదని, తెగిన చోట తిరిగి కలుపుకోవడమే బిడ్డకు నమ్మకాన్ని ఇస్తుందని చెప్పారు. ఆ నాలుగు సెకన్లను రెండుకు తగ్గించడమే నాకు మూడు నెలల పని అయింది.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరిగా చెప్పాలి. ఇంచుమించు ఇదే పేరుతో, పిల్లలను బలవంతంగా అదిమి పట్టుకుని "బంధం కలిగించే" పద్ధతి ఒకటి అమెరికాలో ప్రచారంలో ఉండేది. ఆ పద్ధతిలోనే 2000లో కొలరాడోలో 10 ఏళ్ల బాలిక దుప్పట్లలో చుట్టబడి ఊపిరాడక చనిపోయింది. అది చికిత్స కాదు. బిడ్డ వద్దన్నప్పుడు ఆగని పద్ధతి ఏదైనా సరే, దాని నుంచి బిడ్డను తీసుకుని బయటికి వచ్చేయండి.

అయిదో నెలలో అమ్మను పిలిపించాము. పాకాల నుంచి రైల్లో వచ్చి, చెప్పులు గది బయటే విడిచి, కుర్చీ అంచున కూర్చుంది. నేను అంతవరకు ఎవరినీ అడగనిది అడిగాను: నాకు చెప్పకుండా ఎందుకు వెళ్లావు? అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అంది: "నువ్వు నిద్రపోతాండావు. నిన్ను లేపింటే నేను పొయ్యేదాన్నే కాదు పాపా. అందుకే లేపలేదు." నా నిద్రలేమికి ఆ రాత్రే కారణమని సైకాలజిస్టు అనలేదు, నేనూ అనను, అంత సూటిగా ఒకదానికొకటి ముడిపెట్టలేము. కానీ నన్ను వదిలించుకుని వెళ్లిందని ముప్పై ఏళ్లుగా నాలో ఉన్న మాట ఆ గదిలో మారిపోయింది. అమ్మ చేతిని నేనే పట్టుకున్నాను. అది ఎంత గరుకుగా ఉందో అంతవరకు నాకు తెలియదు.

మందులను వైద్యుడి పర్యవేక్షణలో నెమ్మదిగా తగ్గించి 2025 జనవరిలో ఆపేశాము. ఇప్పటికీ అప్పుడప్పుడు ఒంటిగంటకు మెలకువ వస్తుంది, కానీ గదులు వెతకను. పాఠాలు చెప్పడానికి నేను తెల్లవారుజామునే చిత్తూరు బస్సు ఎక్కాలి. నిద్రపోతున్న పాపను లేపి, ఎక్కడికి వెళ్తున్నానో, ఎప్పుడు వస్తానో చెప్పి మరీ వెళ్తాను. పొద్దున్నే బిడ్డను ఏడిపించడం ఎందుకని అమ్మ కోప్పడుతుంది. పాప కాసేపు ఏడుస్తుంది కూడా. తగ్గేదాకా కూర్చుంటాను, ఆ బస్సు వెళ్లిపోతే తరువాతి బస్సుకు వెళ్తాను.