లండన్‌లో ఒక సెమిస్టర్: గది ఎక్కడ తీసుకోవాలి?

ఒక సెమిస్టర్ చదువు కోసం లండన్ వెళ్లబోయేవారు మొదట అడిగేది నెలకు ఎంత ఖర్చవుతుందని. నేను అక్కడ చదువుకున్న 2024 చివరి నెలల్లో, స్టూడెంట్ వీసా కోరేవారు లండన్‌లో అయితే నెలకు 1,334 పౌండ్లు, లండన్ బయట అయితే 1,023 పౌండ్లు చొప్పున జీవన వ్యయం చూపాలని బ్రిటన్ ప్రభుత్వ నిబంధన ఉండేది. 2025 జనవరిలో ఈ మొత్తాలను 1,483కు, 1,136కు పెంచారు. లండన్‌కూ మిగతా దేశానికీ ఉన్న ఈ అంతరంలో పెద్ద భాగం ఇంటి అద్దెదే. అందుకే చాలామంది పొదుపును కూడా అద్దెతోనే మొదలుపెట్టి, ఊరి చివర చవకైన గది వెతుక్కుంటారు. ఏడాది, రెండేళ్లు ఉండేవారికి అది సరైన నిర్ణయం కావచ్చు గానీ, ఒక్క సెమిస్టర్ ఉండేవారికి మాత్రం కాదని నా గట్టి అభిప్రాయం.

సెమిస్టర్ విద్యార్థికి డబ్బు కన్నా ముందు అయిపోయేది సమయం. అక్కడి విశ్వవిద్యాలయాల్లో తరగతులు జరిగేది దాదాపు పదకొండు, పన్నెండు వారాలు. అందులో మొదటి వారం కాగితాల పనికి, చివరి వారాలు వ్యాసాలకు, పరీక్షలకు పోతాయి. మిగిలిన కొద్ది వారాల్లో రోజూ రెండు మూడు గంటలు రైల్లో గడిపేవారికి నగరంలోని సాయంత్రాలు దక్కవు. తరగతి అయిదింటికి ముగిసిందనుకోండి, దూరం నుంచి వచ్చినవారు ఆరింటి ఉపన్యాసానికి ఆగాలా, ఇంటికి వెళ్లి వంట చేసుకోవాలా అని ఆలోచించి, పదిసార్లలో తొమ్మిదిసార్లు ఇంటికే వెళ్తారు. అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు ఒక గంట వెనక్కి జరిపాక, డిసెంబరు నాటికి నాలుగింటి లోపే సూర్యాస్తమయం అవుతుంది. ఆ చీకట్లో దూరం మరింత భారంగా అనిపిస్తుంది.

దూరంగా ఉంటే మిగులుతుందనుకున్న అద్దెలో కొంత రైలు ఛార్జీలకే పోతుంది. ఛార్జీల కోసం నగరాన్ని జోన్లుగా విభజించారు; నగరం మధ్యలోని ఒకటో జోన్ నుంచి ఎంత దూరం జరిగితే ఛార్జీ అంత పెరుగుతుంది. పనిదినాల్లో ఉదయం ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర వరకు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు వరకు రద్దీ వేళల ఛార్జీ వేరు. పద్దెనిమిదేళ్లు దాటిన విద్యార్థులకు ట్రావెల్‌కార్డుల (రైలు, బస్సు పాసుల) మీద 30 శాతం తగ్గింపు ఇచ్చే ఆయిస్టర్ కార్డు (లండన్ రవాణా స్మార్ట్ కార్డు) ఉంది గానీ, కోర్సు కనీసం 14 వారాలు ఉండాలన్న షరతు వల్ల ఒక్క టర్మ్ కోసం వచ్చేవారిలో చాలామందికి అది అందదు. బస్సుల సంగతి వేరు. నేనున్నప్పుడు బస్సు ఛార్జీ దూరంతో, వేళతో సంబంధం లేకుండా 1.75 పౌండ్లు. మొదటి బస్సెక్కిన గంటలోపు ఎన్ని బస్సులు మారినా మళ్లీ డబ్బు తీసుకోరు. రెండో జోన్‌లో గది ఉండి, కళాశాలకు ఒక బస్సు దూరమైతే, మెట్రో అవసరమే అరుదుగా పడుతుంది. మధ్య లండన్‌లో నడకకు మించిన సాధనం లేదు కూడా: లెస్టర్ స్క్వేర్, కోవెంట్ గార్డెన్ స్టేషన్ల మధ్య దూరం సుమారు 260 మీటర్లే, అయినా కొత్తవారు పూర్తి ఛార్జీ ఇచ్చి రైలెక్కుతూనే ఉంటారు.

దగ్గరగా ఉండటం ఇంత ముఖ్యమని చెప్పడానికి అసలు కారణం, ఈ ఖరీదైన నగరంలో అత్యంత విలువైనవి చాలావరకు ఉచితం కావడం. బ్రిటిష్ మ్యూజియంకు 1759లో తలుపులు తెరిచిన నాటి నుంచి, 1974లో కొన్ని నెలలు తప్ప, ప్రవేశం ఉచితమే. మిగతా జాతీయ మ్యూజియంలలో టికెట్ ఉన్నవి కూడా 2001 డిసెంబరులో దాన్ని ఎత్తివేశాయి. టికెట్ కొన్న చోట డబ్బు రాబట్టుకోవాలని అన్ని గదులూ తిరిగి అలసిపోతాం. ఉచితమైన చోట ఒక్క గదే చూసి వచ్చేయవచ్చు, వచ్చే వారం మళ్లీ వెళ్లవచ్చు. బ్రిటిష్ మ్యూజియం శుక్రవారాల్లో రాత్రి ఎనిమిదిన్నర వరకు తెరిచి ఉంటుంది. ఆ వేళ నేను తరచూ వెళ్లింది 33ఏ గదికి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు చేర్చగా, అక్కడి నుంచి 1859లో లండన్‌కు తరలించిన అమరావతి శిల్పాలు అక్కడ ఉన్నాయి. వాటిలో ఒక సున్నపురాతి ఫలకం మీద అమరావతి స్తూపమే చెక్కి ఉంది: చుట్టూ ప్రాకారం, ద్వారం దగ్గర సింహాలు, అండం (స్తూపపు గుండ్రటి గోపురం) నిండా కథలు, పైన గాలిలో తేలివచ్చే దేవతలు. అదే రాతికి రెండో వైపు, అంతకు కొన్ని శతాబ్దాల ముందు చెక్కిన శిల్పంలో బోధివృక్షం కింద ఖాళీ ఆసనానికి జనం మొక్కుతున్నారు. తరువాతి తరాలవారు పాత రాతిని తిప్పి కొత్త శిల్పం చెక్కుకున్నారన్నమాట. మొదటిసారి వెళ్లినప్పుడు నాకు సింహాలు తప్ప ఏమీ గుర్తులేవు. ప్రాకారం మీది పతకం లాంటి ఒక్కొక్క గుండ్రటి శిల్పాన్నీ విడిగా చూడటం అలవాటయ్యేసరికి నవంబరు వచ్చింది. ఆ చూపు అలవడటానికి కావలసినవి తీరిక, దగ్గర్లో అద్దె గది, అంతే.

ఇలాంటివి ఇంకెన్నో. గ్రెషమ్ కళాశాల 1597 నుంచి ప్రజలకు ఉచిత ఉపన్యాసాలు ఇస్తోంది. బ్రిటన్ పార్లమెంటులోని కామన్స్ సభలో చర్చలను గ్యాలరీలో కూర్చుని వినవచ్చు. ఓల్డ్ బెయిలీ అనే క్రిమినల్ కోర్టులో నేర విచారణలనూ చూడవచ్చు, ఫోన్ మాత్రం బయట వదిలి వెళ్లాలి. న్యాయశాస్త్రం చదివేవారికి అంతకు మించిన తరగతి ఉండదు.

అద్దెకు ఎక్కువ పెడితే మిగతాచోట్ల తగ్గించుకోవాలి, అది కష్టమేమీ కాదు. వంట ఇంట్లోనే చేసుకోవడం, సాయంత్రం సూపర్‌మార్కెట్లలో పసుపు స్టిక్కర్ వేసి ధర తగ్గించే సరుకులు కొనుక్కోవడం చాలు. పార్ట్‌టైమ్ జీతాన్ని లెక్కలో వేసుకునే ముందు మాత్రం వీసా చూసుకోవాలి: ఆరు నెలల లోపు చదువుకు విజిటర్ వీసా మీద వెళ్లేవారికి పనిచేసే హక్కు అసలు లేదు. ప్రతి వారాంతం యూరప్‌లో మరో నగరానికి ఎగిరిపోవడమూ నాకు నచ్చని పద్ధతి. భారతీయులకు దానికి షెంగెన్ వీసా విడిగా కావాలి. పైగా లండన్‌ను విమానాశ్రయంలా వాడుకునేవారు లండన్ అద్దె ఎందుకు కట్టాలి?

గది వెతకడం ముందుగా మొదలుపెట్టండి. విద్యార్థి వసతిలో చాలా ఒప్పందాలు మొత్తం విద్యా సంవత్సరానికి ఉంటాయి. ఒక్క సెమిస్టర్‌కు ఇచ్చే గదులు తక్కువ కాబట్టి, సీటు ఖాయమైన రోజే విశ్వవిద్యాలయ వసతి విభాగానికి రాయాలి. ప్రైవేటు గది అయితే, ఇంగ్లండ్‌లో 2019 నాటి చట్టం ప్రకారం మామూలు అద్దె గదులకు ఐదు వారాల అద్దెకు మించి డిపాజిట్ అడగకూడదు, గదిని మీ కోసం ఆపి ఉంచడానికి ఒక వారం అద్దెకు మించి తీసుకోకూడదు. ఆపైన ఎవరైనా అడిగితే ఆ గదిని వదిలేయండి.