స్ట్రాబెర్రీ టిష్యూ కల్చర్: సీసాల్లో వేళ్లు వచ్చాయి

మొక్క చిగురు ముక్కను సీసాలో పోషకాల మీద పెంచి కొత్త మొక్కలు తీయడమే టిష్యూ కల్చర్. ఈ వారం నాలుగైదు సీసాల అడుగున తెల్లటి వేళ్లు కనిపించాయి. తల్లిమొక్క లంబసింగి తోటలో కొన్నది. విశాఖలో మా ఇంట్లో ఎల్ఈడీ లైటు కింద ఇంతవరకు వచ్చింది.

రన్నర్లు (తల్లిమొక్క నుంచి నేల మీద పాకే తీగలు) నాటుకుంటే మొక్కలు ఇంకా సులువుగా వస్తాయి కదా అని అడుగుతున్నారు. వస్తాయి, కానీ తల్లిలో ఉన్న వైరస్ పిల్లలకూ వస్తుంది. పేనుబంక మోసుకొచ్చే మాటిల్, క్రింకిల్ వైరస్‌లకు మందు లేదు. ఆకులు చూస్తే చాలాసార్లు ఏమీ తెలియదు, కాపు మాత్రం తగ్గిపోతుంది. చిగురు మొనలో కొత్త కణాలు పుట్టే చోటైన మెరిస్టెమ్‌లోకి వైరస్ అంత తేలిగ్గా చేరదు. 1952లో ఫ్రాన్స్‌లో మోరెల్, మార్టిన్ ఇదే ఆధారంగా డాలియాలో వైరస్ లేని మొక్కలు తీశారు.

అందుకే పనంతా ఆ మొనను కోయడంలోనే ఉంది. రన్నర్ కొసను సబ్బునీళ్లతో కడిగి, 70 శాతం ఆల్కహాల్‌లో అరనిమిషం, 1 శాతం సోడియం హైపోక్లోరైట్‌లో 10 నిమిషాలు ఉంచి, స్టెరైల్ నీళ్లతో మూడుసార్లు కడుగుతాను. తర్వాత మైక్రోస్కోప్ కింద నూగు ఉన్న లేత ఆకులను సూదితో ఒక్కొక్కటే తప్పిస్తూ పోతే, చివర్లో నీటిబొట్టులా మెరిసే గుబ్బ కనిపిస్తుంది. దాన్ని అర మిల్లీమీటరు మించకుండా కోయాలి. పెద్ద ముక్క బాగా బతుకుతుంది, కానీ దాంతోపాటు వైరస్ వచ్చే అవకాశం పెరుగుతుంది. మరీ చిన్నదైతే గాలికే ఎండిపోతుంది. ఒక్కో మొనకు ఒక్కో నంబరు ఇచ్చి, దాని పిలకలన్నింటికీ అదే నంబరు రాస్తున్నాను.

మొనను పెంచే మీడియం మామూలు ఎంఎస్ (మురాషిగే-స్కూగ్ పోషక మిశ్రమం): లీటరుకు 30 గ్రాముల పంచదార, జెల్లీలా గడ్డకట్టించే అగర్ 7 గ్రాములు, పిలకలు తెప్పించే హార్మోన్ బీఏపీ అర మిల్లీగ్రాము, పీహెచ్ 5.8. ప్రెషర్ కుక్కర్‌లో విజిల్ వచ్చాక సన్నమంట మీద 20 నిమిషాలు. బీఏపీ పెంచితే పిలకలు గుబురుగా వస్తాయి గానీ, ఆకులు గాజులా ఉబ్బి బయట నిలవవు. పిలకలు తక్కువైనా గట్టిగా ఉండాలనేదే నా పట్టుదల. వేళ్ల కోసం హార్మోన్ లేని, సగం బలం ఎంఎస్ సరిపోయింది. స్ట్రాబెర్రీకి వేళ్లు వేయించడం కష్టం కాదు.

ఇక టెన్షన్ అంతా హార్డెనింగ్ గురించే, అంటే సీసా మొక్కను బయటి గాలికి అలవాటు చేయడం. సీసాలో పెరిగిన ఆకు మీద మైనపు పొర పలచగా ఉంటుంది, పత్రరంధ్రాలు సరిగా మూసుకోవు. బయటికి తీయగానే వాడిపోతుంది. అగర్‌ను గోరువెచ్చటి నీళ్లతో పూర్తిగా కడిగేయాలి, పంచదార మిగిలితే బూజు పడుతుంది. కోకోపీట్, పెర్లైట్ కలిపి నాటి, ప్లాస్టిక్ కవర్ కప్పి, రెండు మూడు వారాల్లో కవర్‌ను కొద్దికొద్దిగా తెరుస్తాను. విశాఖ ఉక్కకు భయపడి, ట్రేలను చల్లగా ఉండే గదిలోనే పెడుతున్నాను.

మెరిస్టెమ్ నుంచి వచ్చినంత మాత్రాన వీటిని ‘వైరస్ లేనివి’ అనను. ఆకులు కాస్త పెరిగాక ప్రతి నంబరు నుంచి ఒక మొక్కను పీసీఆర్ పరీక్షకు పంపుతాను. పాజిటివ్ వస్తే ఆ నంబరు సీసాలన్నీ తీసేయడమే. మిగిలినవి పేనుబంక దూరని సన్న వల కింద తల్లిమొక్కలుగా ఉంటాయి.