రివర్బ్ ముంచాలి, ముద్ద చెయ్యకూడదు

సైకెడెలిక్ సౌండ్ కావాలనగానే చాలామంది చేసేది రివర్బ్ (పెద్ద హాల్లోలా మోత సాగదీసే ఎఫెక్ట్) నాబ్‌ని చివరిదాకా తిప్పెయ్యడం. అప్పుడు వినిపించేది సముద్రం కాదు, పక్కవీధి కల్యాణమండపం. తప్పు రివర్బ్‌ది కాదు, దాంట్లోకి దిగిన బేస్‌ది. రివర్బ్‌ని వేరే ఆక్స్ (మిక్సర్‌లో పక్క ఛానల్) మీద పెట్టి, దానికి ముందు ఈక్యూలో (బేస్, ట్రెబుల్ సరిచేసేది) 300 హెర్ట్జ్ కింద, 6 కిలోహెర్ట్జ్ పైన కోసెయ్యండి. బేస్ గిటార్‌నీ, కిక్ డ్రమ్‌నీ అటువైపు అసలు పంపొద్దు.

ఇక లెక్క. పాట 90 బీపీఎం (నిమిషానికి 90 బీట్లు) అయితే బీటుకి 667 మిల్లీసెకన్లు. నాలుగు బీట్లకోసారి కార్డ్ మారుతుంటే డికే (మోత ఆరిపోయే సమయం) 2.5 సెకన్ల లోపే ఉంచండి, లేకపోతే పాత కార్డ్ తోక కొత్తదాని మీద పడి అపస్వరంలా వినిపిస్తుంది. ప్రీ-డెలే (మీటుకీ, మోతకీ మధ్య ఖాళీ) బీటులో 16వ వంతు, అంటే 42 మిల్లీసెకన్లు పెడితే మీటు ముందు తగిలి, పొగ తర్వాత లేస్తుంది. ఒకే శ్రుతి మీద తంబూరాలా సాగే పాటైతే ఈ హద్దేమీ లేదు.

ఫజ్ (గిటార్‌ని గరగరలాడించే పెడల్) తర్వాత రివర్బ్ పెడితే నోట్లు విడివిడిగా ఉంటాయి. ముందు పెడితే తోక కూడా ఫజ్‌లో నలిగి గోడలా లేస్తుంది. అప్పుడు మిక్స్ (రివర్బ్ పాలు) 30 శాతం దగ్గర ఆపండి. పెడల్ కీచుమంటే మొదట అడాప్టర్‌ని అనుమానించండి. డిజిటల్ రివర్బ్‌లు కొన్ని 300 మిల్లీయాంప్స్ దాకా లాగుతాయి, అంత కరెంటు అది ఇవ్వలేకపోవచ్చు.

ప్లగిన్ల కోసం డబ్బు పెట్టేముందు మీ అపార్ట్‌మెంట్ మెట్లు చూసుకోండి. విశాఖ సీతమ్మధారలోనో, ఎంవీపీ కాలనీలోనో, గచ్చు మెట్లున్న ఏ నాలుగంతస్తుల బిల్డింగైనా ఎకో ఛాంబరే. కింద స్పీకర్‌ని గోడవైపు తిప్పి పెట్టండి, మూడో అంతస్తు మలుపులో మైకు. మధ్యలో పది మీటర్లుంటే సుమారు 30 మిల్లీసెకన్ల ప్రీ-డెలే ఉచితం. గిటార్ ట్రాక్ ప్లే చేసి ఆ మోతని వేరే ట్రాక్ మీద రికార్డ్ చేసుకోండి. లిఫ్టు, నీళ్ల మోటారు తిరిగే వేళ మాత్రం వద్దు. వాచ్‌మన్‌కి ముందే చెప్పండి.

విశాఖలో స్ప్రింగ్ రివర్బ్‌కి (స్ప్రింగుల డబ్బాతో మోత పుట్టించేది) అసలు శత్రువు ఉప్పుగాలి. ఫెండర్ కంపెనీ 1961లో విడి యూనిట్‌గా, 1963లో వైబ్రోవెర్బ్ యాంప్‌లోపలే పెట్టి ఇచ్చిన ఆ చప్పుడంతా సన్నటి ఉక్కు స్ప్రింగుల్లోదే. బీచ్‌రోడ్డు దగ్గర గదిలో తెరిచి వదిలేస్తే ముందు ఆర్‌సీఏ జాక్‌లు (కేబుళ్లు గుచ్చే చోట్లు) పచ్చబారతాయి, మోత వచ్చిపోతూ ఉంటుంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి చూడండి. అప్పటికీ రాకపోతే కేబుళ్లు పీకేసి ట్యాంక్ (ఆ స్ప్రింగుల డబ్బా) అవుట్‌పుట్ జాక్‌కి మల్టీమీటర్ పెట్టండి: ఫెండర్ తరహా 4ఏబీ3సీ1బీ మోడల్ ట్యాంక్‌లో 200 ఓమ్‌ల చుట్టుపక్కల చూపించాలి. ఓపెన్ చూపిస్తే కాయిల్ దగ్గర వెంట్రుకంత తీగ తెగినట్టే.