ఈ మాట ఎవరిది? ఏడో నెల లాగ్

అందరి నోటా తిరిగే మాటలు అసలు ఎవరివో పుస్తకాల్లో వెతికి షీట్‌లో ఎక్కించే పని జనవరిలో మొదలెట్టా, ఏడు నెలలైంది. షీట్‌లో ఇప్పటికి 38 మాటలున్నాయి, అన్నీ మనం రోజూ వాడే చమత్కారాలు, సామెతల్లా తిరిగే పద్యపాదాలు, వాట్సాప్‌లో ఎవరో మహానుభావుడి ఫోటో కింద వచ్చేవి. వాటిలో 11టికి మాత్రం ఇదిగో పుస్తకం, ఇదిగో పేజీ అని చూపించగలను. రూల్ ఒక్కటే పెట్టుకున్నా, పేజీ కళ్లారా చూస్తే గానీ ఆ గడికి ఆకుపచ్చ రంగు వెయ్యను, చెప్పినవాళ్లు ఎంత పెద్దవాళ్లయినా సరే.

ఈ నెల దాదాపు మొత్తం ఒక్క లైన్ మీదే పోయింది. "దేశభాషలందు తెలుగు లెస్స". ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం వస్తోంది కదా, ప్రతి బ్యానర్ మీదా ఇదే ఉంటుంది, కింద శ్రీకృష్ణదేవరాయలు అని ఉంటుంది. అరగంటలో అయిపోతుందనుకుని రాయల కావ్యం ఆముక్తమాల్యద తీశా. ఉంది, మొదట్లోనే ఉంది, ఆటవెలది పద్యం నాలుగో పాదం. కానీ ముందూ వెనకా చదివితే ఆ మాట అంటున్నది రాయలు కాదు! కళింగ దండయాత్రకి వెళ్తూ దారిలో కృష్ణ ఒడ్డున శ్రీకాకుళంలో ఆయన ఏకాదశి ఉపవాసం ఉంటే కలలో ఆంధ్రవిష్ణువు కనిపించి, నా కథ తెలుగులో రాయి, తెలుగెందుకంటావా అని చెప్తూ అన్న మాట అది. రాసింది రాయలే, పలికించింది దేవుడి చేత. అందుకని షీట్‌లో "రాసినవారు", "పలికినవారు" అని రెండు కాలమ్‌లు విడగొట్టా, ఇది మొదటి నెలలోనే చెయ్యాల్సిన పని, పాత ఎంట్రీలన్నీ మళ్లీ కూర్చుని సరిచేశా, రెండు ఆదివారాలు పట్టింది.

అసలు సంగతి తర్వాత దొరికింది. క్రీడాభిరామంలో ఇదే పాదం ఉంది, అక్షరం తేడా లేకుండా!

జనని సంస్కృతంబు సకల భాషలకును
దేశభాషలందుఁ దెలుఁగు లెస్స
జగతిఁ దల్లికంటె సౌభాగ్యసంపద
మెచ్చుటాఁడుబిడ్డ మేలుగాదె

తల్లి కంటే కూతురు ఎక్కువ భాగ్యవంతురాలైతే అది మంచిదే కదా అంటున్నాడు, ఎంత చక్కగా అన్నాడో చూడండి, బ్యానర్ మీద ఉన్న ఒక్క పాదంలో ఈ సొగసు కనపడదు. ఓరుగల్లు వీధుల వర్ణన ఉన్న పుస్తకం ఇది, వినుకొండ వల్లభరాయుడి పేరు మీద ఉంది, కాదు శ్రీనాథుడే రాశాడని వేటూరి ప్రభాకరశాస్త్రిగారు వాదించారు. ఇద్దరిలో ఎవరిదైనా రాయల కంటే ముందుదే, రాయల పాలన 1509 నుంచి 1529 వరకు. అంటే రాయలు పుట్టించిన మాట కాదు, అప్పటికే ఉన్న పాదాన్ని తీసుకుని దేవుడి నోట పెట్టాడు. నాకైతే దీనివల్ల రాయల గౌరవం ఏమీ తగ్గలేదు, అంతకుముందే జనం నోళ్లలో ఉన్న మాట అయ్యుంటుందనిపించింది, అది మాత్రం నా ఊహ, షీట్‌లో ఎక్కించలేదు.

ఇంకోటి గమనించా. ఆటవెలదిలో రెండో పాదానికీ నాలుగో పాదానికీ ఒకటే కొలత, ఐదు సూర్యగణాలు. దేశ, భాష, లందు, దెలుఁగు, లెస్స, సరిగ్గా ఐదు. అందుకే క్రీడాభిరామంలో రెండో పాదంగా, ఆముక్తమాల్యదలో నాలుగో పాదంగా హాయిగా కూర్చుంది.

వెతికేవాళ్లకి పనికొచ్చే విషయం. మొదటి వారం నాకు సెర్చ్‌లో ఏమీ రాలేదు, ఎందుకంటే నేను "తెలుగు లెస్స" అని కొడుతున్నా, పుస్తకంలో "దెలుఁగు లెస్స" అని ఉంటుంది. ద్రుతం (మాట చివరి న్) తర్వాత త కాస్తా ద అవుతుంది, క గ అవుతుంది, ప బ అవుతుంది, మధ్యలో అరసున్న వస్తుంది, ర బదులు బండి ఱ ఉండొచ్చు. ఇప్పుడు ప్రతి మాటకీ నాలుగైదు రూపాలు రాసుకుని ఒక్కోటీ కొడుతున్నా, వికీసోర్స్, ఆంధ్రభారతి సైట్లలో ఇలా చేస్తేనే దొరుకుతున్నాయి. స్కాన్ పుస్తకాల్లో అయితే సెర్చ్‌ని నమ్మొద్దు, పద్యాల అకారాది సూచిక ఉంటే అదే దిక్కు, అందుకని పద్యం మొదటి పదం కచ్చితంగా తెలుసుకోవాలి.

రెండోది మా పెదనాన్న కోసం. చుట్ట వెలిగించినప్పుడల్లా ఆయన చదివే పద్యం, "ఖగపతి యమృతము తేగా", చివర "పొగత్రాగనివాడు దున్నపోతై పుట్టున్". ఇది పురాణంలో ఉందిరా అంటారు. కన్యాశుల్కంలో గిరీశం ఈ పద్యం చదివి బృహన్నారదీయంలో ఉందని చెప్తాడు, పెదనాన్న మాట అక్కణ్ణుంచే వచ్చింది. గరుత్మంతుడు అమృతం తెచ్చిన కథ భారతం ఆదిపర్వంలో ఉంది, కానీ అక్కడ అమృతం పెట్టింది దర్భల మీద, పాములు ఆ దర్భలు నాకి నాలుకలు చీల్చుకున్నాయి, పొగాకు ఊసే లేదు. ఉండదు కూడా, అది అమెరికా మొక్క, పోర్చుగీసువాళ్లతో మన దేశానికొచ్చింది, అక్బర్ దర్బారుకి బీజాపూర్ నుంచి అసద్ బేగ్ తెచ్చిందే 1604 ప్రాంతంలో. కాబట్టి పద్యం ఆ పొగాకు వచ్చాక పుట్టిందే. ఇంతకంటే తర్వాతది కాదు అనే హద్దుగా ప్రస్తుతానికి 1909 వేశా, మనం చదివే కన్యాశుల్కం ఆ ఏడాది వచ్చిన రెండో కూర్పు, మొదటిది 1897.

చిన్నవి కొన్ని. "తివిరి ఇసుమున తైలంబు" వేమనది అని ముగ్గురు చెప్పారు, కాదు, భర్తృహరి శ్లోకానికి ఏనుగు లక్ష్మణకవి తెలుగు. నాలుగు పాదాల్లో ఎక్కడా "వినుర వేమ" లేదు, అక్కడే అనుమానం రావాలి. "అప్పిచ్చువాడు వైద్యుడు" సుమతీ శతకం, ఇది ఐదు నిమిషాల్లో తేలింది.

"తిరిపెమున కిద్దరాండ్రా, పరమేశా గంగ విడుము పార్వతి చాలున్" మాత్రం పసుపు రంగులోనే, అంటే ఇంకా తేలనిదిగానే ఉంచా. పల్నాడులో నీళ్లు దొరక్క శ్రీనాథుడు అన్నాడని అందరం చదువుకున్నాం, నాకు ప్రాణమైన పద్యం. కానీ చాటువు కదా, ఆయన కావ్యాల్లోది కాదు, నోటి మాటగా వచ్చి తర్వాత సంకలనాల్లోకి ఎక్కింది. అందుకని "రాసినవారు" గడిలో పేరు రాయలేదు, "శ్రీనాథుడిదని ప్రతీతి" అని రాశా.

వచ్చే నెల సామెతలు మొదలెడతా, 1868లో మద్రాసులో కార్ దొర అచ్చేయించిన సామెతల సంకలనం స్కాన్ దించుకున్నా. అందులో ఉన్న సామెత ఏదైనా ఆ తర్వాత పుట్టినవాళ్ల ఖాతాలో వెయ్యడానికి లేదు, ఆ జల్లెడతో షీట్‌లో కనీసం ఆరు ఎగిరిపోతాయనుకుంటున్నా. ఆదిపర్వం పేజీ పెదనాన్నకి ప్రింట్ తీసి ఇచ్చా, రెండుసార్లు చదివి మడత పెట్టి జేబులో పెట్టుకున్నారు, మరి పద్యం కట్టిందెవడ్రా అన్నారు.