మూడో పిన్ను నన్ను తిప్పిన తిప్పలు

తెనాలిలో మాది చిన్న ఫోటో స్టూడియో. ఒక్క పెళ్లికి ఫోటోలు, రెండు కెమెరాల వీడియో కలిపి 300 జీబీ దాకా వస్తోంది. పోర్టబుల్ డిస్కుల్లో దాచీ దాచీ, ఏ పెళ్లి ఎందులో ఉందో వెతుక్కునే స్థితికి వచ్చాం. అందుకే బ్యాకప్ సర్వర్ పెడదామని విజయవాడలో ఒక షాపులో 8 టీబీ డిస్కులు నాలుగు కొన్నాను, సర్వర్లలో వాడే రకం. మూల పడి ఉన్న పాత డెస్క్‌టాప్‌లో, విండోస్‌కి బదులు వాడే లైనక్స్ ఎక్కించడం గంట పని.

డిస్కులు బిగించి స్విచ్ వేస్తే నాలుగింట్లో ఒక్కటీ తిరగలేదు. కంప్యూటర్ మొదలవగానే వచ్చే బయోస్ తెరలోనూ వాటి పేర్లు లేవు. చెయ్యి ఆనిస్తే చల్లగా, చడీచప్పుడు లేకుండా ఉన్నాయి. కేబుళ్లు మార్చాను, కంప్యూటర్‌కి కరెంటు ఇచ్చే డబ్బా, అదే ఎస్ఎంపీఎస్, మార్చాను. అవే వైర్లకు పాత 1 టీబీ డిస్కు తగిలిస్తే హాయిగా తిరుగుతోంది. మరి తప్పు కొత్తవాటిదే కదా అనుకుని, రైలెక్కి షాపుకి వెళ్లాను.

షాపాయన కౌంటర్ మీద యూఎస్‌బీ డాక్‌లో, అంటే డిస్కుని బయటి నుంచే తగిలించే స్టాండులో, పెట్టాడు. ఠక్కున తిరిగింది. నాలుగూ అంతే. తీసుకొచ్చి బిగిస్తే మళ్లీ మౌనం. రెండోసారి వెళ్లినప్పుడు షాపు నిండా జనం. ఆయన డాక్‌లో పెట్టి, తిరుగుతున్న డిస్కు నా చేతికే ఆనించి, "ఏవండీ, కనెక్టర్ సరిగ్గా నొక్కడం కూడా రాకపోతే సర్వర్ ఎందుకండీ మీకు?" అన్నాడు. పక్కనున్న కాలేజీ పిల్లలు నవ్వారు. ఇరవై ఏళ్లుగా కెమెరాలు విప్పి బిగిస్తున్న చేతులివి. తిరుగు రైల్లో ఎవరితోనూ మాట్లాడలేకపోయాను.

ఆ రాత్రి డిస్కు డేటాషీటు మొదటి నుంచి చివరిదాకా చదివాను. "పవర్ డిసేబుల్" అని ఒక మాట కనిపించింది. విషయం ఇది: డిస్కుల కనెక్టర్లకు ఉండే సాటా ప్రమాణం 2016లో వచ్చిన 3.3 వెర్షన్‌లో పవర్ కనెక్టర్ మూడో పిన్నుకి కొత్త పని ఇచ్చారు. ఆ పిన్నుకి కరెంటు అందుతూ ఉంటే డిస్కు ఆగిపోవాలి. పెద్ద సర్వర్లలో మొరాయించిన డిస్కుని దూరం నుంచే ఆపి మళ్లీ లేపడానికి ఈ ఏర్పాటు. మన మామూలు ఎస్ఎంపీఎస్‌లో నారింజ రంగు వైరు అదే పిన్నుకి 3.3 వోల్టులు ఎప్పుడూ పంపుతూనే ఉంటుంది. షాపాయన డాక్‌లో ఆ 3.3 వోల్టులు లేవు, అందుకే అక్కడ తిరిగింది. వేలకు వేలు తీసుకుని అమ్మేవాడికి ఈ ఒక్క ముక్క తెలిసి ఉండాలా వద్దా?

మా వీధిలో మొబైల్ రిపేరు కుర్రాణ్ణి అడిగి కరెంటుని అడ్డుకునే బంగారు రంగు హీట్ టేపు తెచ్చాను. బ్లేడుతో సన్నగా కోసి, డేటా కనెక్టర్ వైపు నుంచి, 3.3 వోల్టులు వచ్చే మొదటి మూడు పిన్నుల మీద అంటించాను. నాలుగో పిన్ను మీదికి పోకూడదు. స్విచ్ వేయగానే నాలుగూ ఒకదాని వెంట ఒకటి గుయ్యిమన్నాయి. మా ఆవిడ లోపల్నుంచి పరుగెత్తుకొచ్చింది. ఎస్ఎంపీఎస్‌లోని పాత నాలుగు పిన్నుల మోలెక్స్ కనెక్టర్‌ని సాటాకి మార్చే కన్వర్టర్ పెట్టినా పని అవుతుంది, దాంట్లో 3.3 వోల్టుల వైరు ఉండదు. వైర్ల చుట్టూ ప్లాస్టిక్ పోతపోసిన చవకరకం మాత్రం కొనకండి, కాలిపోవచ్చు.

మిగతాదంతా సాఫీగానే సాగింది. డిస్కులో చెడిన చోట్లు వెతికే బ్యాడ్‌బ్లాక్స్ పరీక్షకి నాలుగున్నర రోజులు పట్టింది. మామూలుగా ఉండే 1024 బైట్ల బ్లాకు సైజుతో ఇంత పెద్ద డిస్కుని అది తీసుకోదు, 4096 ఇచ్చాను. రెండు డిస్కులు పోయినా డేటా నిలిచేలా నాలుగింటినీ ఒక్కటిగా కలిపే రెయిడ్ 6 చేశాను, 16 టీబీ మిగిలింది. లైనక్స్ 1000కి బదులు 1024తో లెక్కేస్తుంది కాబట్టి అది 14.5గా కనబడుతుంది, కంగారు పడొద్దు. ఫైళ్లను డిస్కు మీద సర్దే ఈఎక్స్‌టీ4 పద్ధతి తనకోసం అట్టే పెట్టుకునే 5 శాతాన్ని సున్నా చేస్తే ఇంచుమించు 800 జీబీ తిరిగొచ్చింది. అంటే రెండు పెళ్లిళ్ల చోటు.

పొద్దున మొదటి పెళ్లి కాపీ అయ్యాక తలంబ్రాల క్లిప్పు సర్వర్ నుంచే తెరిచి చూశాను, ఎక్కడా ఆగలేదు. ఇప్పుడు రెండోది ఎక్కుతోంది, సెకనుకి 112 ఎంబీ చొప్పున.