రెండు పెయింటు బకెట్లు, ఏడు నెలలు, మా ఇంటి తడి చెత్త

పోయిన ఏప్రిల్‌లో ఒకరోజు పొద్దున చెత్త ఆటో వచ్చినప్పుడు వాచ్‌మన్ భార్య ఊళ్ళో లేకపోవడంతో నేనే కవర్ పట్టుకుని కిందికి వెళ్ళాను. ఆటోతో వచ్చే ఆమె నా ఎదురుగానే ఆ కవర్‌ని చింపి, చేత్తో లోపలి సరుకు వేరు చేస్తోంది, పప్పన్నం, టీ పొడి, పాల ప్యాకెట్లు, అన్నీ కలిసే ఉన్నాయి. ఒక్కసారి చెయ్యి వెనక్కి లాక్కుంది. ముందురోజు రాత్రి పగిలిన టీ గ్లాసు ముక్కని నేనే అందులో పడేశాను. వేలు తెగి రక్తం వస్తోంది. పైకి పరుగెత్తి బ్యాండేజీ తెచ్చేసరికి ఆటో పక్క వీధికి వెళ్ళిపోయింది.

ఆ రోజంతా మనసు బాగాలేదు. తడి చెత్త, పొడి చెత్త, ప్రమాదకరమైనవి ఇంట్లోనే మూడుగా విడదీసి ఇవ్వాలని 2016లో వచ్చిన ఘన వ్యర్థాల నిబంధనలే చెప్పాయి. ఆకుపచ్చ డబ్బా, నీలం డబ్బా రెండూ మా వంటింట్లోనే ఉన్నాయి, ఒకదాంట్లో బియ్యం, ఇంకోదాంట్లో ఉల్లిపాయలు పోసుకున్నాం. నేను వేరు చెయ్యని చెత్తని ఇంకో ఆడమనిషి వట్టి చేతులతో వేరు చేస్తోందని కళ్ళతో చూసేదాకా నాకు తట్టలేదు.

మర్నాటి నుంచే పొడి చెత్త వేరు చెయ్యడం మొదలుపెట్టాను. అది తేలికే. పాల కవర్లు కత్తిరించి, కడిగి, గ్రిల్‌కి ఆరబెట్టి, పేపర్లు అట్టపెట్టెలతో కలిపి పాత పేపర్ల అతనికి ఇస్తున్నాం. పాల కవరు మూల కత్తిరించేటప్పుడు ముక్క పూర్తిగా తెగిపోకుండా చూసుకోవాలి, ఆ చిన్న ముక్కల్ని ఎవరూ ఏరలేరు, అవి నేరుగా కాలువలోకే పోతాయి. గాజు ముక్కలూ, బ్లేడ్లూ పేపర్లో చుట్టి పైన ఎర్ర స్కెచ్‌తో రాసి విడిగా చేతికే ఇస్తున్నాను. శానిటరీ ప్యాడ్లూ అంతే, పేపర్లో చుట్టి గుర్తు పెట్టి ఇస్తే వాళ్ళు విప్పి చూడాల్సిన పని ఉండదు.

అసలు బరువంతా తడి చెత్తదే. మా ఇంట్లో నలుగురం, పదిహేను రోజులు వంటింటి త్రాసులో తూచాను, రోజుకి ఏడెనిమిది వందల గ్రాములు తేలింది, మామిడికాయలు కోసిన రోజు కిలో దాటింది. హైదరాబాద్ చెత్త ఎక్కువ భాగం చేరేది జవహర్‌నగర్ డంపింగ్ యార్డ్‌లోని చెత్త గుట్టకే. కూరగాయ తొక్క మట్టిలో కలిస్తే ఎరువవుతుంది, అదే తొక్క ప్లాస్టిక్ కవర్లో కట్టి గుట్ట అడుగున పడితే గాలి తగలక మీథేన్ పుట్టిస్తుంది. వందేళ్ళ లెక్కన చూస్తే భూమిని వేడెక్కించడంలో మీథేన్‌కి కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్ల బలం ఉంది. పైగా కుళ్ళిన చెత్తలోంచి ఊరే నల్లటి నీళ్ళు కిందికి దిగి బోర్లనీ చెరువులనీ పాడుచేస్తాయి. ఆ ముప్పావు కిలో నా ఇల్లు దాటకుండా ఇంట్లోనే ఎరువు చేద్దామని జూన్ రెండో వారంలో మొదలుపెట్టాను.

దీనికి ఖరీదైన సెట్లు అమ్ముతారు, నేను కొనలేదు. ఇంటికి రంగులు వేయించినప్పటి ఇరవై లీటర్ల పెయింటు బకెట్లు రెండు ఉన్నాయి, కడిగి, ఎలక్ట్రీషియన్ దగ్గర డ్రిల్ తీసుకుని అడుగున ఎనిమిది, చుట్టూ మూడు వరసల్లో బెజ్జాలు పెట్టించాను. కింద పాత పళ్ళెం, దాని మీద రెండు ఇటుక ముక్కలు, వాటి మీద బకెట్. కడగడం, బెజ్జాలు పెట్టడం, బాల్కనీలో చోటు సర్దడం అంతా కలిపి ఒక పూట పని.

మొదటి నెల పూర్తిగా విఫలమయ్యాను. ఎక్కడ తప్పు జరిగిందో వివరంగా చెప్తాను, ఎందుకంటే మానేసినవాళ్ళలో ఎక్కువమంది ఆగిపోయింది ఇక్కడే, నాకు తెలిసిన ఇద్దరు ముగ్గురు అచ్చం ఇలాగే మానేశారు. మామిడిపళ్ళ కాలం చివర, తొక్కలూ టెంకలూ రోజూ వేశాను. మిగిలిన సాంబారు వేశాను, పెరుగన్నం వేశాను. పొడి సరుకు కింద రెండు న్యూస్ పేపర్ ముక్కలు చించి వేసి సరిపోతుందనుకున్నాను. బయట వానలు. పది రోజులకి బకెట్ చుట్టూ పండు ఈగలు ముసిరాయి, ఇరవయ్యో రోజుకి మూత తీస్తే మురిగిన కోడిగుడ్డు వాసన, లోపల నల్లటి ముద్ద, అందులో లావుపాటి పురుగులు కదులుతున్నాయి. కింది పళ్ళెం నిండి నీళ్ళు గోడ మీదుగా కింది ఇంటి బాల్కనీలోకి కారాయి. ఆ ఇంటి అంకుల్ పైకొచ్చి, గట్టిగా అనలేదు కానీ, "అమ్మా, మా ఆవిడ తులసికోట దగ్గర పడుతోంది" అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సాయంత్రం మొత్తం ఆటోకి ఇచ్చేద్దామని మూట కూడా కట్టాను.

అప్పుడు మా అత్తయ్య ఇక్కడే ఉంది. వాళ్ళది సూర్యాపేట దగ్గర పల్లె, పెళ్ళైనప్పటి నుంచీ పెంటకుప్ప చూసుకున్న మనిషి. మూట విప్పించి ఒకసారి చూసి, "గిది పెంట గాదు బిడ్డా, కుళ్లు. నీళ్ల సరుకే ఏసినవ్, ఎండుది ఏది? మేం పేడ మీద గడ్డి, చెత్తాకు, పొయ్యిల బూడిద ఏస్తుంటిమి, అప్పుడప్పుడు గడ్డపారతోని తిరగేస్తుంటిమి" అంది. నేను నెల రోజులు వీడియోలు చూసి తెలుసుకోలేనిది అదే. (సూర్యాపేట మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, ఆ పట్టణం 2000 తర్వాతి తొలి ఏళ్ళలోనే ఇంటింటి నుంచీ తడి పొడి చెత్త విడివిడిగా తీసుకుని, తడిది ఎరువు చేసి దేశమంతా పేరు తెచ్చుకుంది. మా ఇంట్లో వాళ్ళకి తెలిసిన విషయమే, నేనే పట్టించుకోలేదు.)

తర్వాత చదివితే అత్తయ్య మాటకి శాస్త్రం కూడా దొరికింది. చెత్తని ఎరువుగా మార్చే సూక్ష్మజీవులకి కార్బన్, నైట్రోజన్ రెండూ కావాలి, సుమారు ముప్పై వంతుల కార్బన్‌కి ఒక వంతు నైట్రోజన్. పచ్చి తొక్కల్లో నైట్రోజన్, నీళ్ళు ఎక్కువ. ఎండుటాకుల్లో, రంపపు పొట్టులో, కొబ్బరి పొట్టులో కార్బన్ ఎక్కువ. ఎండు సరుకు ఇంకో పని కూడా చేస్తుంది, తొక్కల మధ్య సందులు ఉంచి గాలి ఆడనిస్తుంది. గాలి లేకపోతే గుట్ట అడుగున జరిగేదే బకెట్లోనూ జరుగుతుంది, అంటే నేను ఇంట్లో చిన్న డంపింగ్ యార్డ్ పెట్టానన్నమాట, ఈ సంగతి అర్థమైనప్పుడు నిజంగా బాధేసింది.

వాన తెరిపిచ్చిన రెండు రోజులు చూసుకుని ఆ ముద్దనంతా డాబా మీద టార్పాలిన్ వేసి పరిచాను. పురుగులు చూసి భయపడ్డాను కానీ అవి చాలావరకు బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లలు, కుట్టవు, రోగాలు తేవు, పైగా చెత్తని చాలా వేగంగా తినేస్తాయి. అవి అంతగా పెరిగాయంటే తడి ఎక్కువైందని అర్థం. నర్సరీ నుంచి కొబ్బరి పొట్టు ఇటుక ఒకటి తెచ్చి, కొద్దిగా నీళ్ళు చల్లి విప్పి, ముద్దలో కలిపాను. నాలుగు రోజులు పుల్లబెట్టిన మజ్జిగ రెండు గ్లాసులు చల్లాను. పాల బూత్ దగ్గర గేదెలున్నాయన దగ్గర కాస్త పేడ తెచ్చి కలిపాను. మళ్ళీ బకెట్లో నింపాను. మూడో రోజుకి కోడిగుడ్డు వాసన పోయింది. ఐదో రోజు మధ్యలో చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది, అంతకు ముందెప్పుడూ అలా లేదు, అత్తయ్యని పిలిచి చెయ్యి పెట్టి చూడమన్నాను.

అప్పటి నుంచి పద్ధతి ఒక్కటే. ఒక గిన్నె తొక్కలకి రెండు గిన్నెల ఎండుటాకు, బరువుతో కాదు, చూపుకి కొలత. తొక్కలు చిన్న ముక్కలు చెయ్యాలి, సొరకాయ తొక్కలాంటివి అలాగే వేస్తే నెలైనా కనిపిస్తూనే ఉంటాయి. పైన ఎప్పుడూ ఆకు పొరే ఉండాలి, తొక్క బయటికి కనిపించకూడదు, ఈగలు రావడం ఒక్క దీనితోనే ఆగింది. మూడు నాలుగు రోజులకోసారి పుల్లతో అడుగు దాకా కలపాలి. తడి సరిపోయిందా లేదా అని తెలుసుకోవడానికి పిడికెడు తీసి గట్టిగా పిండుతాను, ఒకటి రెండు చుక్కలొస్తే సరి, ధారలా కారితే ఇంకా ఆకు వెయ్యాలి, ఏమీ రాకపోతే కొంచెం నీళ్ళు చల్లాలి. ఘాటుగా అమ్మోనియా వాసన వస్తే తొక్కలు ఎక్కువయ్యాయని, మురుగు వాసన వస్తే గాలి లేదని. నూనె కూరలు, సాంబారు, మాంసం ఎముకలు వెయ్యను. మిగిలిన అన్నం ఉంటే ఆరబెట్టి కొద్దిగా వేస్తాను, అసలు మిగలకుండా వండుకోవడం ఇంతకంటే మంచి పని, ఇప్పుడు కొలత చూసే వండుతున్నాను. నిమ్మతొక్కలు, గుడ్డు పెంకులు వేస్తాను, పెంకులు నలిపి వెయ్యాలి. మామిడి టెంకలు, కొబ్బరి చిప్పలు మాత్రం ఈ బకెట్లలో అయ్యే పని కాదు.

ఎండుటాకుల కోసం నేను పడ్డ తిప్పలు ఇన్నీ అన్నీ కావు. వానాకాలంలో పొడి ఆకు దొరకదు. రెండు కొబ్బరి పొట్టు ఇటుకలు, వడ్రంగి షాపులో అడిగి తెచ్చిన రంపపు పొట్టుతో నెట్టుకొచ్చాను. ప్లైవుడ్ పొట్టు వద్దు, అందులో జిగురు మందు ఉంటుంది, మామూలు కర్రదే అడిగి తీసుకోవాలి. అదే ఫిబ్రవరి, మార్చిలో మా వీధిలో కానుగ చెట్లు ఆకంతా రాలుస్తాయి, దాన్ని ఊడ్చి కుప్ప చేసి నిప్పు పెడతారు, ఆ పొగ మనమే పీలుస్తాం. ఏడాదికి సరిపడా సరుకు మనింటి ముందే కాలిపోతోందని నాకు ఈ బకెట్ల వల్లే తెలిసింది.

ఆగస్టు చివరికి మొదటి బకెట్ నిండింది. మూత పెట్టి పక్కన పెట్టి రెండోది మొదలుపెట్టాను. మొదటిదాన్ని వారానికోసారి కలపడం తప్ప ఏమీ చెయ్యలేదు. నవంబరు మొదటి వారంలో తీసి పాత జల్లెడలో జల్లిస్తే ఐదు కిలోల చిల్లర వచ్చింది. నల్లగా, పొడిపొడిగా, తొలకరి వానకి నేల నుంచి వచ్చే వాసన. ఆ వాసన నేలలో ఉండే ఒకరకం బ్యాక్టీరియాది, ఎరువు బాగా మాగితే వస్తుంది. కరివేపాకు కుండీకి, మిరప మొక్కలకి వేశాను. విత్తనం వెయ్యకుండానే వాటంతటవే రెండు టమాటా మొక్కలు మొలిచాయి, తీసెయ్యబుద్ధి కాలేదు. కింది అంకుల్ వాళ్ళ తులసికోటకి ఒక డబ్బా ఇచ్చాను, ఇప్పుడు వాళ్ళు కూడా తొక్కలు మాకు పంపుతున్నారు, అందుకే మూడో బకెట్ పెట్టాల్సి వచ్చింది.

డిసెంబరులో ఒకరోజు ఆటో ఆమె గేటు దగ్గర కనిపించి, "ఏందక్కా, ఊరికి పోయిండ్రా? మీ కవరు వస్తలేదు" అని అడిగింది. పొడి చెత్త వారానికి రెండుసార్లే ఇస్తున్నాను, తడిది అసలు లేదు. ఏప్రిల్ నాటి గ్లాసు సంగతి ఎత్తి క్షమించమని అడిగాను. ఆమెకి గుర్తు లేదు. "గట్లాంటియి రోజు అయితయి అక్కా" అంది. ఆ మాట ఇంకా నన్ను వదల్లేదు. మా అపార్ట్‌మెంట్లో ఇరవై ఇళ్ళు ఉన్నాయి, నేను తడి చెత్త ఇవ్వడం ఆపినా మిగిలిన వాటిలో చాలా కవర్లు ఆమె ఇప్పటికీ చింపి ఏరుతూనే ఉంది.

జనవరి అసోసియేషన్ మీటింగ్‌లో ఒక్కటే అడిగాను, ఎరువు అందరూ చెయ్యకపోయినా ఫర్వాలేదు, గాజు, ప్యాడ్లు మాత్రం వేరుగా చుట్టి ఇవ్వండి అని. తొమ్మిది ఇళ్ళవాళ్ళు సరేనన్నారు. మిగతావాళ్ళ ఇళ్ళకి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి మాట్లాడుతున్నాను. ఎండుటాకుల కోసం నాలుగు గోనె సంచులు కూడా కడిగి పెట్టాను, వీధి ఊడ్చే అతనితో ముందే మాట్లాడుకున్నాను, ఈసారి కానుగ ఆకు కుప్పకి నిప్పు పెట్టకుండా మా గేటు పక్కన పోస్తానన్నాడు.