గట్టర్లో గూడు పడకముందే

హైదరాబాద్‌కు నైరుతి రుతుపవనాలు జూన్‌లో వస్తాయి కాబట్టి, మేడ మీద రేకుల షెడ్డు ఉన్నవారూ పాత పెంకుటిళ్లలో ఉంటున్నవారూ మే నెలాఖరున నిచ్చెన వేయించి, చూరు అంచున వాననీరు పారే గట్టర్లు శుభ్రం చేయించుకోవడం వాడుక. నీరు పారడానికి అది సరిపోతుందేమో గానీ, పక్షులు గూడు పెట్టకుండా చూసుకోవడానికి మాత్రం అప్పటికే ఆలస్యమవుతుంది. ఎండలు ముదిరేసరికి గోరింకలు గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి. పావురాలకైతే కాలంతో పనే లేదు, ఏడాది పొడవునా పెడుతూనే ఉంటాయి. అందుకే సంక్రాంతి వెళ్లాక, శివరాత్రి లోపు ఈ పని ముగించుకోవాలని నేను అందరికీ చెబుతుంటాను.

ఆ రోజుల్లో గట్టర్లో ఎండుటాకులతో పాటు తెగిన గాలిపటాల మాంజా కూడా చిక్కుకుని ఉంటుంది. పావురాలు పుల్లలతో పాటు దారాలూ తీగముక్కలూ గూటికి మోసుకుపోతాయి కనుక, నైలాన్ మాంజా పక్షి పిల్లల కాళ్లకు చుట్టుకుని బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దాన్ని దేశమంతటా నిషేధించినా మా మేడ మీద ఇంకా దొరుకుతూనే ఉంది.

చూరు కింది నీడ, పిల్లికి అందని ఎత్తు, అడుగున మెత్తగా పేరుకున్న ఆకులు: పక్షికి ఇంతకన్నా ఏం కావాలి? వీధిలో వేపచెట్టో గుల్‌మొహరో ఉంటే వాటి సన్నని ఆకులు నీటిని కిందికి దించే గొట్టం మూతి దగ్గర అట్టకట్టి, గూటికి పునాది ముందే సిద్ధమవుతుంది. వంద చదరపు మీటర్ల కప్పు మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే వెయ్యి లీటర్ల నీరు దిగాలి. మన ఊళ్లో అంత వాన ఒక్కోసారి అరగంటలోనే కురుస్తుంది. దారి మూసుకుపోయిన నీరు గోడలోకి ఇంకి లోపల చెమ్మగా తేలుతుంది, లేదా గట్టర్లోనే నిలిచి డెంగీ దోమకు ఆశ్రయమవుతుంది.

గూడు కట్టడం మొదలుపెట్టినప్పుడే, గుడ్లు లేవని చూసుకుని, పుల్లలు తీసివేయాలి. గుడ్లు కనిపిస్తే ఆగవలసిందే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి పక్షుల గుడ్లను పాడుచేయడాన్నీ గూళ్లను చెదరగొట్టడాన్నీ వేట కిందనే లెక్కిస్తుంది. చట్టం మాట అటుంచినా, కళ్లు తెరవని పిల్లల్ని నేల మీద పడేయడానికి ఎవరికి చేతులొస్తాయి? పావురం సాధారణంగా రెండు గుడ్లు పెట్టి పద్దెనిమిది రోజులు పొదుగుతుంది, పిల్లలు ఎగరడానికి మరో నెల పైనే పడుతుంది. ఆ రెండు నెలలూ ఓపిక పట్టి, పిల్లలు వెళ్లిపోయాక వెంటనే మూసేయాలి. వారం గడిస్తే అదే జంట మళ్లీ అక్కడే కూర్చుంటుంది.

మూయడానికి నాకు నమ్మకం కుదిరింది జాలీ ఒక్కటే. పావురాలను ఆపడానికి రెండు అంగుళాల కన్ను చాలు, కానీ పిచ్చుకలు దూరకూడదంటే ముప్పావు అంగుళం మించకూడదు. రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో స్టెయిన్‌లెస్ స్టీలు జాలీ అడిగి తెచ్చుకోండి. ధర ఎక్కువైనా, మామూలు ఇనుప జాలీలా రెండు వానలకే తుప్పు పట్టదు. గట్టర్ వెడల్పుకన్నా కాస్త ఎక్కువగా కత్తిరించి, మధ్యలో కొద్దిగా పైకి వంచి బిగిస్తే ఆకులు జారి కింద పడతాయి. పూర్తిగా చదునుగా పరిస్తే ఆకులు జాలీ మీదే చాపలా పరుచుకుని నీటిని ఆపేస్తాయి. గొట్టం మూతికి బుడగ ఆకారపు జాలీ మూత వేరుగా పెట్టాలి. చివర్లలో ఎక్కడా సందు వదలకూడదు, ఎందుకంటే లోపలికి దూరి బయటికి రాలేని పక్షి అక్కడే చచ్చిపోతుంది. పాత సీడీలు వేలాడదీయడం, ప్లాస్టిక్ గుడ్లగూబను నిలబెట్టడం కొద్ది రోజుల ముచ్చటే, పావురాలు త్వరలోనే వాటికి అలవాటు పడతాయి. అంటుకునే జిగురు పూయడం క్రూరం, ఎవరు అమ్మజూపినా కొనవద్దు.

ఎండిన రెట్టను పొడిగా గీకడం చాలా ప్రమాదకరం. ఆ దుమ్ములోని శిలీంధ్రాలు ఊపిరితిత్తుల్లో చేరతాయి, ఆస్తమా ఉన్నవారికి ఇంకా కష్టం. ముందుగా నీళ్లు చల్లి బాగా నాననిచ్చి, ఎన్-95 మాస్కూ చేతి తొడుగులూ వేసుకునే తీయాలి. పనికి వచ్చిన మనిషికి కూడా మాస్కు మీరే ఇవ్వండి. గొట్టం నేరుగా సంపులోకి పోతున్నట్లయితే కడిగిన నీళ్లు అందులోకి దిగకుండా ఆ పూటకు దారి మళ్లించాలి.

మక్కా మసీదు దగ్గర పావురాలకు గింజలు చల్లేవారి భక్తిని నేను తక్కువ చేయను. కాని ఇళ్ల మధ్య, మేడల మీద జొన్నలు చల్లితే పావురాలు ఆ చుట్టుపక్కలే గూళ్లు వెతుక్కుంటాయి. పక్షుల మీద అంత ప్రేమ ఉన్నవారు పిచ్చుకల కోసం చూరుకు వడ్ల కుచ్చు కట్టండి, పావురాలు దాని మీద వాలలేవు. చెక్కపెట్టె కూడా పెట్టాలనుకుంటే రంధ్రం 32 మిల్లీమీటర్లు ఉండేలా చేయించండి. పిచ్చుక అందులో దూరుతుంది, గోరింక దూరలేదు. దాన్ని గట్టర్‌కు దూరంగా, పడమటి ఎండ తగలని గోడకు, పిల్లి ఎక్కలేని ఎత్తున బిగించాలి.